వెనక సీటు వైపు నుంచి: జంటగా బైక్ మీద వెళ్ళడానికి ఏ తీరం మంచిది?

మా ఇద్దరిలో బండి నడిపేది మా ఆయన, వెనక కూర్చునేది నేను. క్రొయేషియా, వియత్నాం, ఆస్ట్రేలియా, ఇటలీ... ఈ నాలుగు దేశాల్లోనూ సముద్రం పక్క రోడ్డు మీద మేమిద్దరం ఒకే బండి మీద తిరిగాం. "మేమూ వెళ్దామనుకుంటున్నాం, వీటిలో ఏది బాగుంటుంది?" అని ఏ జంట అడిగినా నేను ముందు వెనక కూర్చునే మనిషి వైపే తిరిగి మాట్లాడతాను. నడిపేవాళ్ళకి ఏ తీరమైనా బాగానే ఉంటుంది. చేతిలో హ్యాండిల్, ఎదురుగా మలుపు, మనసంతా దాని మీదే. వెనకున్నవాళ్ళకి చెయ్యడానికి పనేమీ ఉండదు కాబట్టి నడుం నొప్పి, ఎండ, గాలి, భయం అన్నీ పూర్తిగా తెలుస్తాయి. సముద్రాన్ని తనివితీరా చూసేదీ వాళ్ళే. ఆ మనిషి మూడో రోజుకే "ఇక నా వల్ల కాదు" అంటే ట్రిప్ అక్కడితో అయిపోయినట్టే. అందుకే ఈ పోలికంతా ఆ సీటులో కూర్చుని రాస్తున్నాను.

సముద్రం ఏ చేతి వైపు?

బండి ఎన్ని సీసీ, రోడ్డుకి ఎన్ని మలుపులు అన్న లెక్కలకంటే ముందు ఈ ప్రశ్న వేసుకోండి. వాహనాలు కుడివైపు నడిచే దేశంలో సముద్రం మీ కుడి చేతికి ఉండాలి. ఎడమవైపు నడిచే దేశంలో ఎడమ చేతికి ఉండాలి. అప్పుడు మీకూ నీళ్ళకీ మధ్య ఇంకో లైను ఉండదు. వ్యూ పాయింట్ కనిపిస్తే ఎదురుగా వచ్చే బస్సుల్ని దాటకుండా నేరుగా పక్కకి తీసి ఆపుకోవచ్చు. బరువున్న బండిని, వెనక మనిషితో, మలుపులో రోడ్డుకి అడ్డంగా తిప్పాల్సిన అవసరం ఉండదు.

ఆ లెక్కన క్రొయేషియాలో ఉత్తరం నుంచి దక్షిణానికి రావాలి. ఇటలీలోని అమాల్ఫీ తీరంలో పోసితానో నుంచి తూర్పుకి వెళ్ళాలి. వియత్నాంలో డా నాంగ్ నుంచి హ్యూ వైపు, అంటే ఉత్తరానికి. ఆస్ట్రేలియాలో ఎడమవైపు నడపాలి కాబట్టి గ్రేట్ ఓషన్ రోడ్ మీద టోర్కీ ఊరి నుంచి పడమరకి. అమెరికాలో కాలిఫోర్నియా హైవే 1 మీద అయితే శాన్ ఫ్రాన్సిస్కో నుంచి కిందికి.

ఒక్క విషయం. వెనక కూర్చునేవాళ్ళకి ఎత్తు అంటే భయముంటే ఇదంతా తిరగేసి ప్లాన్ చేసుకోండి. కొండ అంచు పక్కనే కిందికి చూస్తూ రెండు గంటలు కూర్చోవడం కొందరికి నరకం. వాళ్ళకి కొండ వైపు లైనే హాయి. అక్కణ్ణుంచి కూడా సముద్రం బాగానే కనిపిస్తుంది.

రోజుకి ఎంత దూరం అన్నది రెండో లెక్క. తీరం రోడ్డు మీద ఇద్దరితో, సామానుతో 150 నుంచి 200 కి.మీ. దాటితే అది విహారం కాదు, ప్రయాణం. ఊళ్ళు, మలుపులు, ఫొటోలు, కాఫీలు కలుపుకుంటే సగటు వేగం 40, 45 దాటదు. గంటకోసారి దిగి నాలుగడుగులు వెయ్యకపోతే నాకు మోకాళ్ళు పట్టేస్తాయి. మా ఆయనకి ఇది అర్థమవడానికి ఒక పూర్తి ట్రిప్ పట్టింది.

క్రొయేషియా: వారం, పది రోజులున్నవాళ్ళకి

నన్ను ఒక్కటే ఎంచుకోమంటే ఏడ్రియాటిక్ తీరమే. అక్కడివాళ్ళు ఆ రోడ్డుని యాద్రాన్‌స్కా మగిస్త్రాలా అంటారు, మ్యాపులో డీ8 అని ఉంటుంది. స్లొవేనియా సరిహద్దు నుంచి మాంటెనీగ్రో సరిహద్దు దాకా దాదాపు 640 కి.మీ. ఒక పక్క సున్నపురాయి కొండలు నిటారుగా లేచి ఉంటాయి, ఇంకో పక్క నీళ్ళు, ఆ నీళ్ళలో వరసగా దీవులు. తొందరున్న వాహనాలు లోపల కొండల వెనక ఉన్న టోల్ మోటార్‌వే పట్టుకుంటాయి కాబట్టి ఎండాకాలం రద్దీ నెలలు తప్పిస్తే ఈ రోడ్డు మీద ఒత్తిడి తక్కువ. పెట్రోలుకి, గదులకి, భోజనానికి ఎక్కడా వెతుక్కోవాల్సిన పని లేదు.

వెనక సీటుకి ఈ తీరం ఎందుకు బాగుంటుందంటే, విసుగు పుట్టకముందే దృశ్యం మారిపోతుంది. ప్రిజ్నాలో బండిని ఫెర్రీ ఎక్కిస్తే ఎదురుగా చెట్టన్నది లేని పాగ్ దీవి. ద్ర్‌వెనిక్‌లో ఎక్కిస్తే హ్వార్ దీవి. కారుల వరస ఎంత పొడవున్నా బైకుల్ని చాలాసార్లు ముందుకి రమ్మంటారు. ఫెర్రీలో హెల్మెట్ తీసి, కాళ్ళు చాపుకుని, రెయిలింగ్ దగ్గర నిలబడిన ఆ అరగంట నాకు మొత్తం ట్రిప్‌లోనే ఇష్టమైన భాగం. మకార్‌స్కా దగ్గర బియోకొవో కొండ 1,762 మీటర్ల ఎత్తున నేరుగా సముద్రం నుంచే లేచినట్టుంటుంది. దాని నీడలో సాయంత్రం పూట వెళ్తుంటే జాకెట్ జిప్పు పైకి లాక్కోవాలనిపిస్తుంది.

ఇక అక్కడి గాలి గురించి కాస్త ఎక్కువగానే చెప్పాలి. వెలెబిత్ పర్వతం మీంచి సముద్రం వైపుకి దూకే చల్లగాలిని బురా అంటారు. చలికాలంలో దాని బలం ఎక్కువ, కానీ మిగతా నెలల్లోనూ వస్తుంది. మేం అక్టోబరు మొదట్లో సెన్య్ ఊరి దగ్గర దానికి చిక్కాం. ఆకాశంలో మా నెత్తిన ఒక్క మబ్బు లేదు, కొండ శిఖరం మీద మాత్రం తెల్లటి దుప్పటి కప్పినట్టు మేఘం కూర్చుంది. అది బురాకి గుర్తని మాకు అప్పటికి తెలియదు. పెట్రోల్ బంకులో సైడ్ స్టాండ్ మీద పెట్టిన మా బండి దానంతటదే ఊగుతోంది. నేను సీటు మీద చెయ్యి ఆన్చి పట్టుకున్నాను. కింద సముద్రం మీద నీటి తుంపర పొగలా లేచి పరిగెడుతోంది. బంకులో పనిచేసే ఆవిడ మా హెల్మెట్ల వైపు చూసి, దక్షిణం వైపు చెయ్యి చూపించి, తల అడ్డంగా ఊపింది. కాసేపటికి రోడ్డు మీద బోర్డు వెలిగింది. గాలి పెరిగినప్పుడు ఆ రోడ్డు మీద ముందుగా ఆపేది బైకులనీ, క్యాంపర్లనీ, డబుల్ డెక్కర్ బస్సులనీ. ఆ రాత్రి సెన్య్‌లోనే ఉండిపోయాం. మొండికేసి వెళ్ళుంటే ఏమయ్యేదో అని ఇప్పటికీ అనుకుంటాను. ఇద్దరున్న బండికి గాలి తగిలే వైశాల్యం ఎక్కువ. పక్కన పెట్టెలు కట్టి ఉంటే ఇంకా ఎక్కువ. కాబట్టి అక్కడికి వెళ్తే ప్లాన్‌లో ఒక ఖాళీ రోజు తప్పకుండా ఉంచండి.

వాన పడితే ఇంకో జాగ్రత్త. అక్కడి తారులో సున్నపురాయి కలుస్తుంది, అది చక్రాల కింద అరిగి నునుపెక్కుతుంది. తడిస్తే సబ్బు రాసినట్టే. మొదటి చినుకులకే వేగం సగానికి తగ్గించాలి.

వీసా సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. 2023 జనవరి 1 నుంచి క్రొయేషియాలో యూరో నడుస్తోంది, ఒకే వీసాతో చాలా యూరప్ దేశాలు తిరగనిచ్చే షెంగెన్‌లోనూ చేరింది. దుబ్రోవ్నిక్‌కి వెళ్ళే పాత దారి మధ్యలో బోస్నియాకి చెందిన నెయుమ్ ఊరి గుండా పోతుంది. సింగిల్ ఎంట్రీ వీసాతో ఆ దారిన వెళ్తే షెంగెన్ దాటి బయటికి వెళ్ళినట్టే, తిరిగి లోపలికి రానివ్వరు. 2022 జులైలో తెరిచిన పెల్యెషాట్స్ వంతెన మీదుగా వెళ్తే దేశం దాటాల్సిన పనే లేదు. జీపీఎస్ దగ్గరి దారని నెయుమ్ వైపు లాగుతుంటే వినకండి. 2.4 కి.మీ. పొడవున్న ఆ వంతెన మీంచి కనిపించే నీళ్ళ కోసమైనా అటే వెళ్ళాలి.

ఎప్పుడు? మే, జూన్, సెప్టెంబరు. రోజులు మరీ తక్కువుంటే స్ప్లిట్ నుంచి దుబ్రోవ్నిక్ దాకా, దాదాపు 230 కి.మీ., మూడు రోజులు పెట్టుకుని తీరిగ్గా వెళ్ళండి.

వియత్నాం: రెండు మూడు రోజుల్లో, చిన్న బండి మీద

డా నాంగ్, హ్యూ నగరాల మధ్య దూరం సుమారు 100 కి.మీ. మధ్యలో హాయ్ వాన్ కనుమ. ఆ పేరుకి సముద్ర మేఘం అని అర్థం, పేరుకి తగ్గట్టే పైకెక్కేకొద్దీ మబ్బు వచ్చి ముఖానికి తగులుతుంది. ఘాట్ రోడ్డు 20 కి.మీ. పైచిలుకు, శిఖరం 500 మీటర్లకి కాస్త తక్కువ. 2005లో కొండ కింద 6 కి.మీ. పైన పొడవున్న సొరంగం తెరిచాక కార్లు, బస్సులు చాలావరకు అందులోకి వెళ్ళిపోయాయి. బైకుల్ని సొరంగంలోకి రానివ్వరు, పెట్రోలు ట్యాంకర్లకీ ప్రవేశం లేదు. అంటే ఘాట్ రోడ్డు చాలావరకు బైకులదే. ట్యాంకర్ ఎదురొచ్చే మలుపుల్లో మాత్రం లోపలి అంచుకి ఒదిగి వెళ్ళాలి. శిఖరం మీద 1826లో కట్టిన పాత ద్వారం ఉంది. అక్కడ నిలబడి ఉత్తరం వైపు చూస్తే కింద లాంగ్ కో ఉప్పుటేరు, దానికీ సముద్రానికీ మధ్య సన్నటి ఇసుక పట్టీ.

జంటకి దీనిలో ఉన్న సుఖం ఏమిటంటే సామాను మోయక్కర్లేదు. ఒక నగరంలో బండి తీసుకుని ఇంకో నగరంలో ఇచ్చేసే పద్ధతి అక్కడ మామూలే. పెట్టెల్ని వాళ్ళే వేరే వాహనంలో పంపిస్తారు. మీ వీపు మీద చిన్న బ్యాగ్ ఉంటే చాలు. ఇద్దరూ కలిసి భారీగా ఉంటే 110 సీసీ బండి వద్దు, 150 అడగండి. గేర్లున్న బండి అయితే దిగేటప్పుడు సెకండ్‌లో వేసుకుని ఇంజిన్‌తోనే వేగం ఆపుకోవచ్చు. ఆటోమేటిక్ స్కూటర్ మీద అంత పొడవు దిగుడు బ్రేకుల మీదే లాగిస్తే అవి వేడెక్కి పట్టు తగ్గుతుంది. అద్దెకిచ్చే హెల్మెట్లు చాలాచోట్ల సగం తలని మాత్రమే కప్పుతాయి, మీది మీరు తెచ్చుకోవడమే మేలు.

సమయం మాత్రం చూసుకోవాలి. దేశం నడుమ ఉన్న ఈ తీరంలో సెప్టెంబరు నుంచి డిసెంబరు దాకా వానలు, అక్టోబరు, నవంబరుల్లో మరీ ఎక్కువ. ఫిబ్రవరి నుంచి మే దాకా హాయిగా ఉంటుంది. ఇంకో రెండు మూడు రోజులు దొరికితే దక్షిణాన క్వీ న్యోన్, తుయ్ హోవా, న్యా ట్రాంగ్ తీరం కూడా వెళ్ళిరండి. గాన్ డా డియా దగ్గర నల్లటి బసాల్ట్ రాళ్ళు, ఎవరో కొలిచి చెక్కి నిలబెట్టినట్టు, అలల్లోకి దిగి ఉంటాయి. అక్కడ జనం హాయ్ వాన్ కంటే చాలా తక్కువ.

వియత్నాంలో తాగి నడిపే విషయంలో ఏ మినహాయింపూ లేదు, రక్తంలో సున్నా ఉండాలి. మధ్యాహ్నం భోజనంలో ఒక బీరు కూడా కుదరదు.

ఆస్ట్రేలియా: గ్రేట్ ఓషన్ రోడ్

మొదటి ప్రపంచ యుద్ధం నుంచి తిరిగొచ్చిన సైనికులు 1919 నుంచి 1932 దాకా, చనిపోయిన తోటివాళ్ళ జ్ఞాపకంగా వేసిన రోడ్డిది. ఈస్టర్న్ వ్యూ దగ్గర రోడ్డుకి అడ్డంగా ఉన్న స్మారక తోరణం కింద నుంచి వెళ్తున్నప్పుడు ఆ సంగతి గుర్తు చేసుకుంటే మనసు ఒక్కసారి నెమ్మదిస్తుంది. టోర్కీ నుంచి ఆలన్స్‌ఫర్డ్ దాకా 240 కి.మీ. పైన.

బండి మీద అసలు ఆనందం లోర్న్ నుంచి అపోలో బే దాకా. సుమారు 45 కి.మీ. రోడ్డు అలల పక్కనే మెలికలు తిరుగుతుంది. ఆ తర్వాత రోడ్డు లోపలికి, ఆట్వే అడవిలోకి పోతుంది. అక్కడ చాలావరకు సముద్రం కనిపించదు, పెద్ద చెట్ల కింద తడి, రాలిన ఆకులు, చల్లదనం. ఇది తెలియక వెళ్ళిన జంటలు మధ్యలో నిరాశ పడతారు. నాకైతే ఆ అడవి వాసన నచ్చింది. మళ్ళీ తీరం పక్కనే సాగేది ట్వెల్వ్ అపాసిల్స్ దగ్గర. పేరులో పన్నెండు ఉన్నా అక్కడ ఎప్పుడూ అన్ని రాతి స్తంభాలు లేవు, 2005లో ఒకటి కూలిపోయింది కూడా. దానికి కొంచెం పడమరన లండన్ బ్రిడ్జ్ అనే రాతి వంతెన 1990 జనవరిలో సగం విరిగి పడితే అవతలి ముక్క మీద ఇద్దరు చిక్కుకుపోయారు, హెలికాప్టర్ వచ్చి తీసుకెళ్ళింది. అక్కడి రాయి అంత మెత్తనిది. కంచె దాటి అంచుకి వెళ్ళొద్దని బోర్డు పెట్టినచోట నిజంగానే వెళ్ళకండి.

మీ అలవాటు ఎడమవైపు నడపడమైతే ఇది అన్నిటికంటే టెన్షన్ తక్కువ ఎంపిక. రోడ్డు మంచిది, సూచనలు ఇంగ్లిష్‌లోనే, క్రమశిక్షణ ఉన్న ట్రాఫిక్. రెండు ఇబ్బందులు: వాతావరణం ఒకే రోజులో నాలుగు రకాలుగా మారుతుంది, కాబట్టి ఎండ కాస్తున్నా రెయిన్ సూట్ చేతికందేలా పెట్టుకోండి. రెండోది కంగారూలు. పొద్దున్నే, చీకటి పడే వేళ రోడ్డు మీదికి గెంతుతాయి. సాయంత్రం ఎండ తగ్గకముందే గది చేరిపోవాలి. మార్చి, ఏప్రిల్ మంచి నెలలు.

అమాల్ఫీ: చాలా అందం, చాలా తక్కువ రోడ్డు

అక్కడి తీరం రోడ్డు, ఎస్ఎస్ 163, మొత్తం 50 కి.మీ. మాత్రమే. దీన్ని బైక్ ట్రిప్ అనుకుని వెళ్ళకండి, స్కూటర్ మీద రెండు రోజుల విహారం అనుకోండి. రోడ్డు ఎంత ఇరుకంటే బస్సు ఎదురొస్తే కార్లు వెనక్కి తీసుకోవాలి. మలుపు ముందు బస్సు హారన్ కొడుతుంది, అది వినగానే ఆగిపోవడమే. కారులో వచ్చినవాళ్ళు గంటలు గంటలు నిలబడిపోతుంటే స్కూటర్ పక్క నుంచి సాగిపోతుంది, పార్కింగూ దొరుకుతుంది. రద్దీ రోజుల్లో కార్లకి సరి, బేసి నంబర్ల పద్ధతి కూడా పెట్టారు. పెద్ద టూరింగ్ బైక్ ఇక్కడ భారమే. ఆగస్టులో అసలు వద్దు. నిమ్మతోటల మెట్లు చూడాలంటే మైయోరి నుంచి కియున్‌జి కనుమ వైపు పైకెక్కండి, జనం సగానికి సగం తగ్గిపోతారు.

కాలిఫోర్నియా హైవే 1 గురించి చాలామంది అడుగుతారు. మేం వెళ్ళలేదు కాబట్టి ఎక్కువ చెప్పను. బిగ్ సర్ దగ్గర కొండచరియలు పడి నెలల తరబడి రోడ్డు మూసేసిన సందర్భాలు చాలా ఉన్నాయి, 2017లో మూసింది 2018 జులైలో తెరిచారు. టికెట్లు కొనేముందు రోడ్డు తెరిచి ఉందో లేదో చూసుకోవాలి.

లైసెన్స్ దగ్గరే తేలిపోతుంది

చాలా జంటల విషయంలో ఎంపిక ఇక్కడే ముగిసిపోతుంది, అందుకని టికెట్ల కంటే ముందే ఇది చూడండి. ఇంటర్నేషనల్ డ్రైవింగ్ పర్మిట్‌లో బైక్ గడిలో ముద్ర ఉందా? కారు గడిలో మాత్రమే ఉంటే యూరప్‌లో, ఆస్ట్రేలియాలో ఆ కాగితం బైక్‌కి పనికిరాదు. పర్మిట్ ఏ ఒప్పందం కింద ఇచ్చారో అట్ట మీదే రాసి ఉంటుంది. వియత్నాం 1968 నాటి వియన్నా ఒప్పందం కింద ఇచ్చిన పర్మిట్‌నే ఒప్పుకుంటుంది, 1949 నాటి జెనీవా ఒప్పందం పర్మిట్ చెల్లదు. అద్దెకిచ్చే షాపువాళ్ళు అడగకుండానే తాళాలు ఇచ్చేస్తారు. దాంతో అంతా సరిగ్గానే ఉందనుకుంటాం. పడి కాలు విరిగాక బీమా కంపెనీ మొదట అడిగేది లైసెన్స్ కాగితమే. అది చెల్లకపోతే వెనక కూర్చున్న మనిషి ఆస్పత్రి ఖర్చు కూడా మీ మీదే పడొచ్చు.

జెనీవా పర్మిట్ ఉన్నవాళ్ళు హాయ్ వాన్ వదులుకోనక్కర్లేదు. అక్కడ బండితో పాటు నడిపే మనిషినీ మాట్లాడుకోవచ్చు. ఇద్దరూ చెరో బండి వెనక కూర్చుంటారు. ఒకే బండి మీద వెళ్ళిన సంతోషం ఉండదు, నిజమే. కానీ అప్పుడు ఇద్దరూ సముద్రాన్ని చూస్తారు. ఎప్పుడూ నడిపే మనిషికి అలాంటి రోజు ఒక్కటి దొరికితే ఎంత సంతోషపడతారో మా ఆయన మొహంలో చూశాను.

ట్రావెల్ బీమా కాగితంలో రెండు లైన్లు వెతకండి: ఎన్ని సీసీ దాకా వర్తిస్తుంది, వెనక కూర్చున్నవాళ్ళకి వర్తిస్తుందా. చాలా పాలసీలు 125 సీసీ దగ్గర ఆగిపోతాయి, పైన కావాలంటే అదనంగా కట్టాలి.

మరి ఎవరికి ఏది?

ఇద్దరూ కలిసి ఒక్కసారి కూడా దూరం వెళ్ళనివాళ్ళు వియత్నాంతోనో, అమాల్ఫీ స్కూటర్‌తోనో మొదలుపెట్టండి. రోజు నచ్చకపోతే మర్నాడు బండి ఇచ్చెయ్యొచ్చు. పెద్ద బండి నడిపిన అనుభవం, పది రోజుల సెలవు ఉంటే క్రొయేషియా. అప్పుడు వెనక టాప్ బాక్స్ ఉన్న బండే అడగండి, దానికి నడుం ఆన్చుకోవచ్చు. నాలుగో రోజు దాని విలువ తెలుస్తుంది. వేరే చేతి వైపు నడపడమంటే గుబులున్నవాళ్ళకి, భాష ఇబ్బంది వద్దనుకునేవాళ్ళకి గ్రేట్ ఓషన్ రోడ్. ఎవరితో వెళ్ళినా బండి కదలకముందు సైగలు మాట్లాడుకోండి. మా ఇద్దరికీ భుజం మీద ఒక తట్టు అంటే మెల్లగా, రెండు తట్లు అంటే ఎక్కడ వీలైతే అక్కడ ఆపు. ఎందుకని నడిపేవాళ్ళు అడగకూడదు, ముందు ఆపాలి.

ఇంకో మాట. బుకింగ్‌కి డబ్బు కట్టకముందు వెనక సీటు ఫొటో పంపమని అడగండి. మొదటి ట్రిప్‌లో మాకు చూపించిన బండి ఒకటి, అక్కడ ఇచ్చింది ఇంకొకటి. వెనక సీటు అరచేయంత వెడల్పు, పట్టుకోవడానికి కడ్డీ లేదు, కాళ్ళు పెట్టుకునే పెగ్గులు అంత ఎత్తున ఉంటే మోకాళ్ళు నా పక్కటెముకల దాకా వచ్చాయి. అప్పటికే డిపాజిట్ కార్డు మీద పట్టేశారు. మూడు రోజులు అలాగే తిరిగాను. అప్పటి నుంచి నేను ఒకే మెసేజ్ పంపుతాను: పక్క నుంచి తీసిన ఫొటో ఒకటి, సీటు, పెగ్గులు, కడ్డీ మూడూ కనిపించేలా, బండి నంబర్ ప్లేటుతో సహా.